నీడల శిల్పి మూర్నౌ

గోడమీద పాకే నీడ, ఎవరూ తాకకుండానే తెరుచుకునే తలుపు, నిద్రిస్తున్న యువతి గుండెవైపు సాగే వంకరవేళ్ళ చేయి - ఇవన్నీ నేటి చలనచిత్ర ప్రేక్షకునికి ఎంతగా అలవాటైపోయాయంటే, వీటిని ఎవరో ఒకరు మొట్టమొదట ఊహించి ఉండాలన్న తలంపు సైతం మనకు కలుగదు. అట్లా ఊహించిన కొద్దిమందిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశపు దర్శకుడు ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ మూర్నౌ. ఆయన చిత్రాలలో నేడు జగమెరిగినదేదో దానినే ఒకనాడు న్యాయస్థానం రూపుమాపవలసిందిగా ఆజ్ఞాపించింది. ఆ ఆజ్ఞ సంపూర్ణంగా అమలై ఉంటే తరువాతి దర్శకులలో ఎందరో తమ గురువును కోల్పోయి ఉండేవారు.

మూర్నౌ 1888 డిసెంబరు 28న జర్మనీలోని బీలెఫెల్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి బట్టల పరిశ్రమకు యజమాని. ఇంటిపేరు ప్లుంపె. బాల్యం కాసెల్ నగరంలో గడిచింది. ఇంటిలోనే వేదిక కట్టి, తోబుట్టువులను పాత్రధారులుగా నిలబెట్టి నాటకాలాడించడం ఆ బాలుని ప్రధాన వ్యాపకం. పెద్దవాడై బెర్లిన్‌లో భాషాశాస్త్రాన్ని, హైడెల్‌బెర్గ్‌లో కళాచరిత్రను అభ్యసించాడు. అక్కడ విద్యార్థులు ఆడిన ఒక నాటకంలో ఈ యువకుని చూచిన సుప్రసిద్ధ నాటక ప్రయోక్త మాక్స్ రైన్‌హార్ట్ తన నటనాలయంలో చేరవలసిందిగా ఆహ్వానించాడు. ఆ దశలోనే ఆయన తన ఇంటిపేరును విడిచిపెట్టి, బవేరియా ప్రాంతంలో సరస్సు ఒడ్డున ఉన్న మూర్నౌ అనే చిన్న పట్టణం పేరును స్వీకరించాడు. చిత్రకళను చదువుకున్న కన్ను, రంగస్థలం నేర్పిన క్రమశిక్షణ - ఈ రెండూ ఆయనకు కడదాకా తోడున్నాయి.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. మూర్నౌ తూర్పు రణరంగంలో పదాతిదళంలో పనిచేశాడు. ఆయన ప్రాణమిత్రుడు, యువకవి హాన్స్ ఎరెన్‌బామ్ డెగెలె 1915లో ఆ రంగంలోనే నేలకొరిగాడు. తరువాత మూర్నౌ వైమానిక దళంలో చేరాడు. ఆయన నడిపిన విమానాలు పలుమార్లు కూలినా ప్రతిసారీ పెద్ద గాయమేదీ లేకుండా బయటపడ్డాడు. 1917లో ఆయన విమానం తటస్థ దేశమైన స్విట్జర్లాండులో దిగగా అక్కడి అధికారులు నిర్బంధంలో ఉంచారు. ఆ నిర్బంధంలో కూడా నాటకాలు ఆడిస్తూనే ఉన్నాడట! ఆకాశంలో ఎగిరినవాడు గనుకనే కెమెరా నేలకు అతుక్కుని ఉండడాన్ని ఆయన సహింపలేకపోయాడని నాకు అనిపిస్తుంది.

1919లో ఆయన చిత్రరంగంలో ప్రవేశించేనాటికి జర్మనీ ఓటమితో, ఆకలితో, నాణెం విలువ పడిపోతూ క్రుంగి ఉన్నది. యుద్ధం మిగిల్చిన వారిని ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి కబళించింది. ప్రతి ఇంటా చావు కబురే. అటువంటి ప్రజలు తెరమీద భయాన్ని చూడగోరడం వింతగా తోచవచ్చు. కాని పేరులేని భయానికి ఒక రూపం దొరికితే మనస్సుకు కొంత ఊరట కలుగుతుంది కాబోలు. 1920లో వెలువడిన ‘డాక్టర్ కాలిగారి’ చిత్రంలో వంకర వీధులను, వాలిన ఇళ్ళను గుడ్డలమీద చిత్రించి, ఉన్మాది కలను కళ్ళకు కట్టించారు. అదే సంవత్సరం మూర్నౌ ‘జానుస్కోఫ్’ అనే చిత్రం తీశాడు. ఒకే మనిషిలో మంచివాడు, దుర్మార్గుడు ఉండే స్టీవెన్సన్ కథకు అది రూపాంతరం. అందులో ఒక చిన్న వేషం వేసిన హంగేరీ నటుని పేరు బేలా లుగోసీ. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవలెను. ఆ చిత్రం మాత్రం నేడు లభ్యం కాదు. మూర్నౌ తీసిన 21 చిత్రాలలో ఎనిమిది ఈ విధంగా పూర్తిగా అంతరించాయి.

ఇక ‘నోస్ఫెరాటు’ కథకు వద్దాం. ఆల్బిన్ గ్రౌ అనే చిత్రకారుడు మరొకరితో కలిసి బెర్లిన్‌లో ఒక నిర్మాణసంస్థను నెలకొల్పి, దానికి ‘ప్రాణ’ అని పేరు పెట్టాడు. అది మన సంస్కృత శబ్దమే. అతీంద్రియ విద్యలయందు మక్కువగల గ్రౌ ఆ పేరును ఏరి కోరి ఎన్నుకున్నాడు. రక్తపిశాచి కథను తెరకెక్కించాలని సంకల్పించి బ్రామ్ స్టోకర్ 1897లో వ్రాసిన ‘డ్రాకులా’ నవలను ఆధారంగా తీసుకున్నారు. అయితే హక్కులు కొనలేదు. డ్రాకులాను ఓర్లోక్ అని, ఇతర పాత్రలను మరొక పేర్లతోను మార్చి, లండన్‌కు బదులు ఒక జర్మన్ ఓడరేవును కల్పించి, అంతటితో చిక్కు తీరిపోయినదనుకున్నారు. పైగా చిత్రం ఆరంభంలో మూలకథ ‘డ్రాకులా’ అని తామే చెప్పుకున్నారు! ఇది అమాయకత్వమో, సాహసమో తెలియదు.

ఈ చిత్రంలో మూర్నౌ చేసిన అసలైన పని ‘కాలిగారి’ మార్గాన్ని కాదనడం. పిశాచాన్ని ఆయన గుడ్డలమీది వంకర వీధులలో నిలబెట్టలేదు. స్లొవాకియాలోని ఓరావా కోటకు, కార్పేథియన్ కొండలకు, విస్మార్, ల్యూబెక్ ఓడరేవులకు కెమెరాను మోసుకుపోయాడు. నిజమైన కొండలు, నిజమైన సముద్రం, నిజమైన వీధులు. వాటి నడుమ నడచివచ్చే ఆ బోడితల, ఎలుకపళ్ళు, పొడుగాటి గోళ్ళు గల ఆకారం. చూచే వానికి ఇది ఎవరో పిచ్చివాని కల అని తోసిపుచ్చే అవకాశం లేదు. పిశాచం మన ఊరి వీధిలోకే, శవపేటికను తానే చంకన బెట్టుకుని, వచ్చేసింది. దాని వెంట ఎలుకలు, ఎలుకల వెంట మహమ్మారి. ఇన్‌ఫ్లుయెంజాలో ఆప్తులను పోగొట్టుకున్న ఆనాటి ప్రేక్షకులకు వీధిలో వరుసగా సాగిపోయే శవపేటికల దృశ్యం కేవలం కల్పనగా కనిపించి ఉండదు.

అడవిదారిలో బండి సాగే దృశ్యానికి నెగెటివ్ ఫిల్మునే వాడి, చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా కనిపించేటట్లు చేశాడు. ఓడ అడుగున పేటికలోనుండి పిశాచం మోకాలు వంచకుండా, కొయ్యవలె, నిట్టనిలువుగా లేచి నిలబడుతుంది. చివరి ఘట్టంలో అది మెట్లెక్కి రావడం మనకు కనబడదు; నీడ మాత్రమే ఎక్కుతుంది. ఆ నీడ చేయి సాగి యువతి గుండెను పట్టుకుంటుంది. పిశాచ వేషధారి మాక్స్ ష్రెక్ చిత్రం మొత్తంమీద తెరపై నిలిచేది కొద్ది నిమిషాలే. చిత్రమేమిటంటే ష్రెక్ అనే మాటకు జర్మన్ భాషలో భయమనే అర్థం. అది అతని నిజమైన ఇంటిపేరే. సూర్యకిరణం సోకగానే రక్తపిశాచి నశించిపోవడమన్నది కూడా ఈ చిత్రం సృష్టించినదే. స్టోకర్ నవలలో డ్రాకులా శక్తులు పగటిపూట సన్నగిల్లుతాయేగాని అతడు వెలుగులో తిరుగగలడు. అనంతర కాలంలో లెక్కలేనన్ని చిత్రాలు దీనినే పురాణప్రసిద్ధమైన నియమంగా భావించి అనుసరించాయి.

1922 మార్చి 4న బెర్లిన్ జంతుప్రదర్శనశాల ఆవరణలోని చలువరాతి మందిరంలో తొలి ప్రదర్శన వైభవోపేతంగా జరిగింది. అతిథులు నూరేళ్ళనాటి దుస్తులు ధరించి రావలెనని ఆహ్వానం. ఆ ఆర్భాటమే కొంప ముంచింది. దాని కార్యక్రమ పత్రం ఒకటి లండన్‌లో ఉన్న స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ చేతికి చేరింది.

స్టోకర్ 1912లో గతించాడు. ఆయన మిగిల్చిన సంపాదనలో చెప్పుకోదగినది ఆ నవల ఒక్కటే. అరవై దాటిన ఆ వితంతువు రచయితల సంఘం అండతో వ్యాజ్యం వేసింది. ‘ప్రాణ’ సంస్థ అప్పటికే దివాళా తీసింది. ఒక్క చిత్రంతోనే దాని ప్రాణం పోయింది. సొమ్ము రాబట్టే దారి లేదని తేలిన తరువాత ఆమె చిత్రాన్నే నాశనం చేయవలెనని కోరింది. 1925లో జర్మన్ న్యాయస్థానం ఆమెకు అనుకూలంగా తీర్పునిచ్చి, ప్రతులన్నీ ధ్వంసం చేయవలసిందిగా ఆజ్ఞాపించింది. లండన్‌లో ఒక చలనచిత్ర సంఘం ఈ చిత్రాన్ని ప్రదర్శింప తలపెట్టినప్పుడు కూడా ఆమె అడ్డు నిలిచింది.

కళాభిమానులు ఈ ఉదంతాన్ని చెప్పేటప్పుడు ఆమెను కళకు శత్రువుగా చిత్రించడం పరిపాటి. నాకు మాత్రం అది అన్యాయమనిపిస్తుంది. ఒక ఇల్లాలి జీవనాధారాన్ని అడుగనైనా అడుగకుండా వాడుకున్నవారిదే మొదటి తప్పు. ఆమె పక్షాన న్యాయం ఉన్నది. అయినా ఆ న్యాయం పూర్తిగా నెరవేరకపోవడం లోకానికి మేలైంది. ఈ రెండు మాటలూ నిజమే. రెంటినీ ఒకదానితో ఒకటి సమాధానపరచడం నాకు చేతకాలేదు. తీర్పు వెలువడేనాటికే కొన్ని ప్రతులు ఎల్లలు దాటాయి. తునాతునకలుగా, పేర్లు మారి, కొన్ని దృశ్యాలు పోయి అవి అక్కడక్కడ తలదాచుకున్నాయి. ఆ ముక్కలను ఏరి కూర్చి చిత్రాన్ని పునరుద్ధరించడానికి పరిశోధకులకు దశాబ్దాలు పట్టింది.

మూర్నౌకు ఆ వ్యాజ్యంతో పెద్దగా ప్రమేయం లేదు. ఆయన ముందుకు సాగిపోయాడు. 1924లో ‘చివరి మనిషి’ అనే చిత్రంలో, పెద్ద హోటలు ద్వారం వద్ద దర్జాగా యూనిఫారం ధరించి నిలిచే వృద్ధుడు మరుగుదొడ్ల పనికి దిగజార్చబడిన కథను దాదాపు ఒక్క వాక్యమైనా తెరపై వ్రాయకుండా చెప్పాడు. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ కెమెరాను రొమ్ముకు కట్టుకుని తిరిగాడు, సైకిలు ఎక్కాడు, లిఫ్టులో దిగాడు. మూడుకాళ్ళ పీటకు బందీగా ఉన్న కెమెరాకు విముక్తి లభించింది.

ఆ చిత్రం బెర్లిన్ సమీపంలోని బాబెల్స్‌బెర్గ్ స్టూడియోలో నిర్మాణమవుతుండగా, ప్రక్కనే మరొక చిత్రానికి పనిచేసేందుకు లండన్ నుండి వచ్చిన ఇరవైఅయిదేళ్ళ యువకుడు ఖాళీ దొరికినప్పుడల్లా మూర్నౌ పనితీరును గమనిస్తూ ఉండేవాడు. అతడే ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. ఒకనాడు మూర్నౌ రైల్వేస్టేషను దృశ్యం తీస్తున్నాడు. కెమెరాకు దగ్గరగా ఒక నిజమైన రైలుపెట్టె. దాని వెనుక క్రమంగా చిన్నవవుతూ పోయే బొమ్మ పెట్టెలు. నిలబడి చూస్తే అది పిల్లల ఆటవలె ఉన్నది. కెమెరా కంటితో చూస్తే మహానగరపు స్టేషను. స్టూడియోలో ఏమి ఉన్నదన్నది ముఖ్యం కాదని, తెరపై ఏమి కనిపిస్తుందన్నదే ముఖ్యమని మూర్నౌ ఆ యువకునికి బోధపరిచాడు. హిచ్‌కాక్ ఈ పాఠాన్ని జీవితాంతం తలచుకున్నాడు. 1927లో వచ్చిన అతని ‘లాడ్జర్’ మూకచిత్రం. పైగదిలో అనుమానాస్పదుడైన అద్దెమనిషి పచార్లు చేయడం క్రింది వారికి తెలియాలి, శబ్దం లేదు. హిచ్‌కాక్ గాజుతో పైకప్పు చేయించి, ఆ మనిషి పాదాలను క్రిందినుండి చూపాడు. 1960 నాటి ‘సైకో’లో స్నానాల గది తెరవెనుక నుండి సమీపించే ఆ నీడను చూచినప్పుడు, మెట్లెక్కిన ఓర్లోక్ నీడ జ్ఞప్తికి రాకుండా ఉంటుందా?

ఇక్కడ ఒక చిన్న దారి మన దేశానికి కూడా చీలుతుంది. హిచ్‌కాక్ 1925లో తన మొదటి చిత్రాన్ని మ్యూనిక్ నగరంలోని ఎమెల్కా సంస్థలో తీశాడు. ఆ సంవత్సరమే ఆ సంస్థ హిమాంశు రాయ్‌తో కలిసి భారతదేశంలో బుద్ధుని కథను చిత్రించింది. ఆ బృందంలో వచ్చిన మ్యూనిక్ యువకుడు జోసెఫ్ విర్షింగ్ 1934లో బొంబాయి టాకీస్‌లో ఛాయాగ్రాహకుడుగా స్థిరపడ్డాడు. ఆ సంస్థకు ప్రాణమై నిలిచిన దేవికారాణి మన వాల్తేరులో జన్మించిన మహిళ. జర్మనీలోని ఉఫా స్టూడియోలో శిక్షణ పొందినది. విర్షింగ్ మూర్నౌ శిష్యుడు కాడు. అయినా ఆ యుగపు జర్మన్ వెలుగునీడలు అతని చేతిలో ఉన్నాయి. 1949లో ఉర్దూ రచయిత కమాల్ అమ్రోహీ తన తొలి చిత్రం ‘మహల్’ తీసినప్పుడు, పాడుబడిన భవనంలో ఊగే దీపాలను, తెరలచాటున తొలగిపోయే ఆకారాన్ని విర్షింగ్ చిత్రించాడు. దానికి ఎడిటరు బిమల్ రాయ్. అతడే 1958లో ‘మధుమతి’ని తీశాడు. మన హిందీ చిత్రాలలో పునర్జన్మ, పాడుబడిన బంగళా, తెల్లచీర కట్టిన యువతి అనే వరుస ఎక్కడ మొదలైనదని అడిగేవారు ఈ ‘మహల్’ గుమ్మం దాకా వెళ్ళక తప్పదు.

మూర్నౌ 1926లో ‘ఫౌస్ట్’ ముగించి అమెరికా చేరుకున్నాడు. నిర్మాత విలియం ఫాక్స్ ఆయనకు పూర్తి స్వేచ్ఛనిచ్చాడు. ఫలితం 1927 నాటి ‘సన్‌రైజ్’. మొట్టమొదటి అకాడమీ పురస్కారాలు 1929 మే నెలలో ప్రదానం చేసినప్పుడు కళాత్మక చిత్రంగాను, ఉత్తమ నటికి, ఛాయాగ్రహణానికి దానికి బహుమతులు లభించాయి. కాని డబ్బు రాలేదు. మాటల చిత్రాలు వచ్చిపడ్డాయి. ఫాక్స్ సంస్థ ఆయన తరువాతి చిత్రాలలో జోక్యం కలిగించుకోసాగింది. విసిగిపోయిన మూర్నౌ రాబర్ట్ ఫ్లహర్టీతో కలిసి దక్షిణ సముద్ర ద్వీపాలకు వెళ్ళాడు. ఇద్దరికీ పొసగక ఫ్లహర్టీ తప్పుకున్నాడు. మూర్నౌ తన సొంత సొమ్ము వెచ్చించి, ద్వీపవాసులనే నటులుగా చేసి ‘టాబూ’ పూర్తి చేశాడు.

ఆయన ఆ చిత్రంతో తిరిగివచ్చిన కొద్దికాలానికి, 1931 ఫిబ్రవరిలో, హాలీవుడ్‌లోని యూనివర్సల్ సంస్థ హక్కులు సక్రమంగా కొని నిర్మించిన ‘డ్రాకులా’ విడుదలైనది. దానికి ఛాయాగ్రాహకుడు ఎవరు? ‘చివరి మనిషి’లో సైకిలెక్కిన కార్ల్ ఫ్రాయిండ్. డ్రాకులా వేషధారి ఎవరు? పదకొండేళ్ళ క్రితం మూర్నౌ వద్ద చిన్న వేషం వేసిన బేలా లుగోసీ. ఆ మరుసటి ఏడే ఫ్రాయిండ్ ‘మమ్మీ’ అనే చిత్రానికి తానే దర్శకుడయ్యాడు. హాలీవుడ్ భయానక చిత్రపరంపర ఈ విధంగా మూర్నౌ సహచరుల చేతులమీదుగానే పురుడు పోసుకున్నది.

దానిని చూచి సంతోషించడానికో, అసూయపడడానికో ఆయనకు వ్యవధి లభించలేదు. 1931 మార్చి 10న కాలిఫోర్నియా సముద్రతీరపు రహదారిపై ఆయన ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురైంది. మరునాడు సాంటా బార్బరా ఆసుపత్రిలో కన్నుమూశాడు. వయస్సు 42 సంవత్సరాలు. కూలిన విమానాలలోనుండి లేచివచ్చిన మనిషి! ‘టాబూ’ ఆయన మరణించిన వారం రోజులకు న్యూయార్క్‌లో విడుదలైనది. ద్వీపవాసుల శాపం తగిలినదని కొందరు పత్రికలవారు కథలల్లారు. వాటిని ఇక్కడ విస్తరించడం అనవసరం. దేహాన్ని జర్మనీకి తరలించి బెర్లిన్ సమీపంలోని స్టాన్స్‌డోర్ఫ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ నివాళి అర్పించాడు. రెండేళ్ళు తిరగకుండానే హిట్లరు అధికారానికి వచ్చాడు. ఆ చిత్రాలను సృష్టించిన వారిలో అనేకులు దేశం విడిచిపోయారు.

ఆ విధంగా తెగిపోయిన దారాన్ని ముడివేసినది ఒక స్త్రీ. లొట్టె ఐస్నర్ బెర్లిన్‌లో చలనచిత్ర విమర్శకురాలు; యూదు కుటుంబంలో జన్మించినది గనుక 1933లో ప్యారిస్‌కు పారిపోయినది. అక్కడి సినిమాథెక్ సంస్థలో పాత చిత్రాలను సేకరిస్తూ జీవితం గడిపింది. 1964లో మూర్నౌపై సమగ్రమైన గ్రంథం వ్రాసింది. యుద్ధానంతరం పెరిగిన జర్మన్ యువ దర్శకులకు తండ్రులతరం తలవంపులే మిగిల్చింది. తాము గౌరవింపదగిన వారసత్వం కావాలంటే తాతలతరంలోనే వెదకాలి. ఆ తాతల వద్దకు చేయిపట్టి నడిపించినది ఐస్నర్. 1974లో ఆమె ప్యారిస్‌లో ప్రాణాపాయ స్థితిలో ఉన్నదని విని, వెర్నర్ హెర్జోగ్ అనే దర్శకుడు తాను నడచివెళితే ఆమె బ్రతుకుతుందన్న నమ్మకంతో మ్యూనిక్ నుండి ప్యారిస్‌కు చలికాలంలో కాలినడకన వెళ్ళాడు. ఆమె కోలుకుని 1983 వరకు జీవించింది.

ఆ హెర్జోగే 1979లో ‘నోస్ఫెరాటు’ను మళ్ళీ తీశాడు. స్టోకర్ మరణించి యాభై ఏళ్ళు దాటి హక్కులు ముగిసినందున పిశాచానికి తిరిగి డ్రాకులా అనే పేరే పెట్టగలిగాడు. ఆ పాత్రధారి క్లౌస్ కిన్స్కీకి బోడితల, ఎలుకపళ్ళు యథాతథం. కాని అతని పిశాచం చావు రానందుకు ఏడ్చే పిశాచం. ముగింపు కూడా మారింది. మూర్నౌ చిత్రంలో ఆ యువతి ఆత్మబలితో మహమ్మారి తొలగిపోతుంది. హెర్జోగ్ చిత్రంలో ఆమె బలి వృథా. ఆమె భర్తయే పిశాచమై గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. హిట్లరు కాలాన్ని దాటివచ్చిన జర్మన్ మరొక విధంగా ముగింపలేడేమో.

అమెరికాలో టోబీ హూపర్ అదే 1979లో దూరదర్శనం కొరకు తీసిన ‘సేలమ్స్ లాట్’లో పిశాచానికి ఓర్లోక్ ముఖమే తొడిగాడు. 1992లో కొప్పోలా తన డ్రాకులా చిత్రంలో మనిషితో పనిలేకుండా తనంత తానుగా కదిలే నీడను చూపాడు. కంప్యూటరు సాయం వద్దని మూకచిత్రాల నాటి కిటుకులనే పట్టుబట్టి వాడాడు. 2000 సంవత్సరంలో వచ్చిన ఒక చిత్రమైతే ‘నోస్ఫెరాటు’ నిర్మాణాన్నే కథగా మలచి, మాక్స్ ష్రెక్ నిజంగా రక్తపిశాచియే అయితే ఎట్లుంటుందని కల్పన చేసింది. వినోదానికి బాగానే ఉన్నది గాని, మూర్నౌను కళకోసం మనుషులను బలిపెట్టే కఠినాత్మునిగా చూపడం మాత్రం నాకు రుచించలేదు.

ఇంకొక ఉదాహరణ మన కళాశాల విద్యార్థులకు ఆసక్తి కలిగించగలదు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో రాబర్ట్ ఎగర్స్ అనే బాలుడు చిన్ననాడే పాత వీడియో టేపులో ‘నోస్ఫెరాటు’ను చూచాడు. ఆ ప్రతిలో బొమ్మ మసకమసకగా ఉన్నది. ఆ మసకే అతనికి మరింత నిజమనిపించినదట. 17వ ఏట, తన ఉన్నత పాఠశాలలో తోటి విద్యార్థులను కూర్చుకుని, ముఖాలకు తెలుపు నలుపు రంగులు పూసి, దానిని మూకాభినయంగా రంగస్థలంపై ఆడించాడు. ఇంటిలో తోబుట్టువులతో నాటకాలాడించిన కాసెల్ బాలుని వంటివాడే ఇతడూను. పెద్దవాడై దర్శకుడైన ఎగర్స్ 2024 డిసెంబరులో తన ‘నోస్ఫెరాటు’ను విడుదల చేశాడు. పిశాచానికి ఈసారి మీసాలు వచ్చాయి, ముఖం పూర్తిగా మారింది. కాని ఊరి ఇండ్ల కప్పులమీదుగా సాగే ఆ పొడుగాటి చేతి నీడ మాత్రం 1922 నాటిదే.